మూడో చరణంలో ఖాళీ

అడిలైడ్
9 మార్చి 1987, సోమవారం

విన్నీ అక్కకి,

నీ ఆరోగ్యం ఎలా ఉందని అడగను, నా ఆరోగ్యం ఎలా ఉందో చెప్పను. ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను, కోపంగా రాసినట్టే చదువుకో.

శుక్రవారం ఆస్పత్రిలో నన్ను యంత్రానికి తగిలించారు. రక్తం ఒక గొట్టంలోంచి పోవడం, ఇంకో గొట్టంలోంచి రావడం చూస్తూ ఐదు గంటలు కూర్చుంటే మనిషికి పిచ్చెక్కుతుందని నర్సు మోయిరా రేడియో పెడుతుంది. అందులో మన పాట వచ్చింది. నేను రాసిన పాట. నా కిడ్నీలు పాడై మన ఎడారి ఊరు వదిలి ఈ పట్నానికి వచ్చాక మన బ్యాండు వాళ్లు రికార్డు చేశారని తెలుసు గానీ, వినడం అదే మొదటిసారి. "నాదే, అది నాదే!" అని అరిస్తే మోయిరా సౌండు పెంచింది. పక్క మంచాల వాళ్లు కూడా తలలెత్తి విన్నారు. మొదటి చరణం బాగుంది, రెండోది ఇంకా బాగుంది. తర్వాత మూడోది వచ్చింది.

మ్యాప్ మీద వాళ్ల పేరు, ఇసక కింద మన చెయ్యి.
ఈ నీళ్లు ఎవరు చూపించారు? ఎవరు? ఎవరు?

అక్కడ పెదనాన్న పేరు రావాలి. రాలేదు. డ్రమ్ము మీద మూడు దెబ్బలు పడ్డాయి. ఆ తర్వాత "వాళ్ల నాన్న చూపించాడు" అని మాత్రం వచ్చింది.

పాటలోంచి మనిషి పేరు ఎప్పుడు తీసేస్తారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పోయినవాళ్ల పేరు పలకకూడదని చిన్నప్పుడు నువ్వే నా నోటి మీద కొట్టి నేర్పావు. అంటే పెదనాన్న పోయాడన్న మాట. మీరంతా కలిసి ఏడ్చారు, ఆయన గుడిసె ఊడ్చి పొగబెట్టారు, బ్యాండు వాళ్లకి చెప్పి పేరు తీయించారు. ఇంత చేసినవాళ్లకి నాకు ఒక ముక్క రాయడానికి తీరిక దొరకలేదా? నాన్న పోయాక నన్ను భుజాన మోసి పెంచిన మనిషి అక్కా! ఆయన లేడని నేను రేడియోలో, ఊరూ పేరూ తెలియని వాళ్ల మధ్య, చేతిలో సూది పెట్టుకుని తెలుసుకోవాలా?

రోగులం ఉండే హాస్టల్లో కత్తెర అడిగి, మనవాళ్లు పోతే చేసినట్టే జుట్టు కత్తిరించుకున్నాను. ఇవాళ యంత్రానికి వెళ్లాల్సిన రోజు. వెళ్లలేదు. పొద్దున మన లాయరమ్మ గ్రెటా ఫోన్ చేసి, చెలమ కేసులో పెదనాన్న సాక్ష్యం గురించి ఏదో అడిగింది. "ఆయన పేరు నా దగ్గర ఎత్తొద్దు, అంతా అయిపోయింది" అని పెట్టేశాను.

మీరు నన్ను కూడా పోయినవాళ్లలో కలిపేసుకున్నట్టున్నారు. ఆ మాటైనా ఎవరి చేతనైనా రాయించు.

డెస్

*

రెడ్‌గమ్ బోర్
19 మార్చి 1987, గురువారం

ఒరేయ్ డెస్,

నీ ఉత్తరం ఈ పొద్దున్నే విమానంలో వచ్చింది. ఎవరికి చదివి వినిపించానో తెలుసా? హెక్టర్ పెదనాన్నకి! పేరు రాశాను చూడు, మళ్లీ రాస్తాను: హెక్టర్, హెక్టర్, హెక్టర్. నా గుమ్మం ముందు కూర్చుని, నిప్పుల్లో కాల్చిన రొట్టెకి తేనెపాకం పూసుకుని, గడ్డమంతా చేసుకుని తింటున్నాడు. నువ్వు జుట్టు కత్తిరించుకున్నావని చదివితే నవ్వాడు. "జుట్టు మళ్లీ మొలుస్తుంది గానీ, ఆ యంత్రానికి పోకపోతే వాణ్ని నేనే వచ్చి తంతానని రాయి" అన్నాడు. రాశాను. ఇక నేను తిట్టాల్సింది మిగిలింది. ఎవరైనా పోతే నీకు చెప్పకుండా ఉంటానా? నేను ఎప్పుడైనా అలా చేశానా? యంత్రం మానేయడానికి నీకు సిగ్గు లేదా?

ఇంకో సంగతి విను. ఇదే విమానంలో గ్రెటా ఉత్తరం కూడా వచ్చింది. "మీ పెదనాన్న గారి మరణానికి మా ప్రగాఢ సానుభూతి" అట. పెదనాన్న దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. మొదటిసారి సరదా పడ్డాడు. రెండోసారి కింది పేరా విన్నాక రొట్టె పక్కన పెట్టేశాడు. సాక్షుల జాబితాలోంచి ఆయన్ని తీసేసిందట. ఆ మాట వారింగా స్టేషన్, అదే ఆ పెద్ద పశువుల ఎస్టేటు వాళ్ల లాయరుకి కూడా తెలిపిందట. ఒరేయ్, తెల్లవాళ్లు రాకముందునుంచీ ఆ చెలమ దగ్గర నేల మనదని చెప్పడానికి మనకున్నది ఆయన ఒక్కడే కదరా! ఏ రాయి కింద మొదట తవ్వారో, వాళ్ల నాన్న ఏ దారిన తీసుకొచ్చాడో చూసిన కళ్లు ఆయనవి. ఆ స్టేషన్ యజమాని డన్‌స్టన్ వాళ్ల తాత ఆ నీళ్లు 'కనిపెట్టాడని' మ్యాప్ మీద రాసుకున్నారు. దాహంతో నాలుక పిడచగట్టి పడివుంటే మన తాత చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తాగించిన మనిషి కనిపెట్టాడట! ఇప్పుడు వాళ్లు పండగ చేసుకుంటూ ఉంటారు. నేను దుకాణం దగ్గరున్న రేడియో ఫోన్లో అరిచి అరిచి, "బతికే ఉన్నాడమ్మా, పక్కనే ఉన్నాడు" అని గ్రెటాకి చెప్పేసరికి గొంతు పోయింది. మళ్లీ జాబితాలో చేరుస్తానంది.

పాట సంగతి. మేమెవరం పేరు తీయమని చెప్పలేదు. బ్యాండు వాళ్లని అడిగాను, వాళ్లు పాడింది పేరుతోనే. క్యాసెట్లు ఇక్కడికి ఇంకా రానే లేదు. మరి ఎవడు తీశాడు? నువ్వున్న ఊళ్లోనే కదా ఆ కంపెనీ ఉంది. వెళ్లి అడుగు. మర్యాదగా అడగాల్సిన పని లేదు.

నీ అక్క
విన్నీ

*

అడిలైడ్
31 మార్చి 1987

అక్కా,

బతికున్నాడు! ఆ ముక్క చదివి హాస్టల్ వంటింట్లో కూలబడి ఏడ్చాను. పక్కనున్నవాళ్లు ఎవరో పోయారనుకుని నాతోపాటు ఏడవడం మొదలుపెట్టారు. వాళ్లకి సర్దిచెప్పేసరికి మధ్యాహ్నమైంది. యంత్రానికి రోజు తప్పకుండా వెళ్తున్నాను, ఒట్టు. పెదనాన్న తన్నడానికి అంత దూరం రానక్కర్లేదు.

బతికున్న మనిషికి జుట్టు తీశాను. అది మాత్రం మనసులో ముల్లులా ఉంది.

కంపెనీకి వెళ్లాను. మేనేజరు పేరు మాల్కమ్. మెత్తని సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. పేరు ఏమైందని అడిగితే, వాడే తీయించానని దాచకుండా చెప్పాడక్కా! "కోర్టులో భూమి కేసు నడుస్తోంది. పాటలో ఆ కేసు సాక్షి పేరుంటే, స్టేషన్ యజమాని మా మీద దావా వేయొచ్చని మా లాయరు అన్నాడు. ఒక్క మాటే కదా" అన్నాడు. ఒక్క మాటే! నేను నెమ్మదిగానే చెప్పాను. ఆ నీళ్లు చూపించింది మా తాత, ఆయన పోయాడు, ఆయన పేరు మేము పలకం. అందుకే బతికున్న కొడుకు పేరు చెప్పి 'హెక్టర్ వాళ్ల నాన్న' అని రాశాను. ఆ ఒక్క మాట తీస్తే ఆ నాన్న ఎవరి నాన్నో ఎలా తెలుస్తుంది? బావికి తాడు కోసేసి, బావి అలాగే ఉంది కదా అన్నట్టుంది నీ మాట, అన్నాను.

వాడేమన్నాడో తెలుసా? "నిజం చెప్పాలంటే డెస్, ఇప్పుడే పాట బాగుంది. అర్థం పెరిగింది" అని ఒక పేపరు కటింగు నా చేతిలో పెట్టాడు. ఎవడో సంగీత విమర్శకుడు అరపేజీ రాశాడు. పేరులేని ఆ తండ్రి ఎడారి దేవుడట. ఆ మూడు డ్రమ్ము దెబ్బలు, తన తండ్రి ఎవరో మర్చిపోయిన దేశం గుండె చప్పుడట. "కవి ఎవరినీ నిందించడు, మౌనంతో క్షమిస్తాడు" అని చివరి వాక్యం. కవి నేనే! నేనెప్పుడు క్షమించానక్కా? అలాంటి ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. ఆ పాట రాసింది డన్‌స్టన్ చిన్నకొడుకు చెలమ చుట్టూ కంచె వేసి, పెదనాన్న మీదికి కుక్కల్ని వదిలిన వారం. పాటలో నేను ఒక ప్రశ్న అడిగి, దానికి జవాబు చెప్పాను. వీళ్లు జవాబు కత్తిరించి, ప్రశ్న ఎంత లోతుగా ఉందో అని మెచ్చుకుంటున్నారు.

ఇంకో మాట చెప్తే నువ్వు నన్నే తిడతావు. వింటున్నప్పుడు నేను కూడా ఆ ఖాళీకి అర్థం చెప్పుకున్నాను కదా. పాట రాసినవాణ్ని, నేనే తప్పు చదివాను. కాకపోతే నా తప్పు వల్ల పెదనాన్న జాబితాలోంచి పోయాడు, వాడి తప్పు వల్ల వాడికి పేపర్లో అరపేజీ దక్కింది.

పెదనాన్నని అడుగు, ఏం చేయమంటాడో. ఆయన చెప్పినట్టే చేస్తాను.

నీ తమ్ముడు
డెస్

*

రెడ్‌గమ్ బోర్
16 ఏప్రిల్ 1987, గురువారం

డెస్,

విమానం అతను ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నాడు, అందుకని గబగబా రాస్తున్నాను.

ఆ పేపరు ముక్క పెదనాన్నకి మన భాషలో చెప్పాను. "ఎడారి దేవుడా? మా నాన్నకి పళ్లు కూడా లేవు. ఆ రాసినవాడు ఎప్పుడైనా ఇసక తవ్వాడా?" అని అడిగాడు. చెలమలో నీళ్లు రావాలంటే ఎంత లోతు తవ్వాలో వాడికి రాసి పంపమన్నాడు. నేను పంపనులే.

తర్వాత లేచి కర్ర పుచ్చుకుని బడి దగ్గరికి నడిచాడు. బ్యాండు వాళ్లని పిలవమన్నాడు. బడిలో టేపు రికార్డరు ఉంది కదా, పిల్లల పాఠాలకి వాడేది. పాట మొదటినుంచి పాడించాడు. మూడో చరణంలో అందరూ "ఎవరు? ఎవరు?" అనగానే చెయ్యెత్తి ఆపి, తనే మైకు దగ్గరికి వంగి, "హెక్టర్! నేనే. మా నాన్న చూపించాడు. నేను అప్పుడు ఇంత ఉన్నాను, నీళ్లసంచి నా చేతిలోనే ఉంది" అన్నాడు. 'ఇంత' అని చెయ్యి పెట్టి చూపించాడు కూడా, టేపులో కనపడదని ఎవరూ అనలేదు. మధ్యలో దగ్గు వచ్చింది. అది కూడా ఉంది అందులో. మళ్లీ తీద్దామంటే వద్దన్నాడు.

ఆ దగ్గు నాకు నచ్చడం లేదు డెస్. క్లినిక్ సిస్టరుకి కూడా నచ్చడం లేదు. టౌను ఆస్పత్రికి రమ్మంటే, కేసు వినడానికి చెలమ దగ్గరికి జడ్జి వచ్చి వెళ్లేదాకా ఇక్కణ్నుంచి కదలనని కూర్చున్నాడు.

నిన్న సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. "జడ్జి రాకముందే నేను పోతే ఈ టేపు వెంటనే డబ్బాలో పెట్టి మూసేయకండి. నా పేరు, నా గొంతు ఒక్కసారి వాళ్లకి వినిపించండి. తర్వాత మూసేయండి." ఆడవాళ్లంతా తలలు దించుకున్నారు. సెల్మా అత్త, "అలా ఎక్కడైనా ఉందా? పోయినవాడి గొంతు వింటూ ఎలా కూర్చుంటాం?" అని అరిచింది. "కష్టంగానే ఉంటుంది. కూర్చోండి. నేను ఆ నేల కోసం కుక్కల ముందు నిలబడలేదా?" అన్నాడు.

ఒక నకలు నీకు పంపిస్తున్నాను. ఆ మాల్కమ్ చెవిలో పెట్టు. నీ జుట్టు గురించి బెంగ పెట్టుకోవద్దని కూడా చెప్పాడు. "వాడు నా కోసం ఏడిస్తే ఎలా ఉంటుందో ముందే చూశాను, బాగానే ఏడుస్తాడు" అన్నాడు.

పిలుస్తున్నాడు, ఉంటాను.
అక్క

*

అడిలైడ్
5 మే 1987

అక్కా,

గెలిచాం! కూర్చుని చదువు.

టేపు తీసుకుని ఒక్కణ్నే వెళ్లలేదు. యంత్రం లేని రోజు చూసి హాస్టల్లోంచి పదకొండు మందిమి వెళ్లాం. ఇద్దరు చక్రాల కుర్చీల్లో వచ్చారు. కంపెనీ ముందుగదిలో కూర్చున్నాం. "అపాయింట్‌మెంట్ ఉందా?" అని అక్కడి అమ్మాయి అడిగింది. "లేదమ్మా, రక్తం శుభ్రంగా ఉంది, రెండు రోజులు కూర్చోగలం" అన్నాను. మాల్కమ్ బయటికి వచ్చాడు. అందరి ముందూ టేపు పెట్టించాను. పెదనాన్న దగ్గు వినగానే మా వాళ్లలో ఒక ముసలామె వాళ్ల భాషలో ఏదో అంది. నేను మాల్కమ్ వైపు తిరిగాను.

"దీనర్థం ఏమిటో ఇప్పుడు చెప్పు. ఇందులో దేవుడు ఎక్కడున్నాడు?" అన్నాను. వాడు లోపలికి వెళ్లి ఫోన్లు చేశాడు. గ్రెటా కూడా ఘాటుగా ఒక ఉత్తరం రాసిందట, కేసు ఉన్నంతమాత్రాన పేరు తీయాలని చట్టంలో ఎక్కడా లేదని. సాయంత్రానికి ఒప్పుకున్నారు. పాటని పెదనాన్న పేరుతో సహా మళ్లీ అచ్చు వేస్తారు. కొత్త క్యాసెట్లు జూన్‌లో మీకు చేరతాయి. పెదనాన్నకి మొదటి పెట్టె ఇవ్వు, దాని మీద కూర్చోమను.

జూన్ పదహారున జడ్జి చెలమ దగ్గరికి వస్తాడని గ్రెటా చెప్పింది. నేను రాలేను, అక్కడ యంత్రం లేదు. నా పాట నేను లేకుండా వెళ్లి నిలబడుతుంది. ఆయన దగ్గు ఎలా ఉందో రాయి. తగ్గిందని రాయి.

డెస్

*

రెడ్‌గమ్ బోర్
25 జూన్ 1987, గురువారం

తమ్ముడూ,

జూన్ ఐదున టౌను నుంచి సిస్టరు నీకు ఫోన్ చేసి చెప్పింది కదా. మొట్టమొదట నీకే చెప్పమన్నాను. ఈసారి నువ్వు రేడియోలో వినలేదు.

ఆయన్ని ఇక ఆయన అనే రాస్తాను. ఊపిరితిత్తులు నిండిపోయాయి. నీ జుట్టు వల్ల కాదు. అలా గొణిగిన ఇద్దరి నోళ్లు నేనే మూయించాను, వాళ్లెవరో రాయను. మేము ఏటి అవతలికి మకాం మార్చాం. ఆయన గుమ్మం ముందు ఎవరూ నడవడం లేదు.

జడ్జి వచ్చాడు. చెలమ దగ్గర టార్పాలిన్ కట్టి బల్ల వేశారు. మన ఆడవాళ్లం ఇసకలో కూర్చున్నాం, దుఃఖానికి గుర్తుగా తలలకి తెల్లమట్టి పూసుకుని. డన్‌స్టన్ వాళ్ల లాయరు మ్యాప్ పరిచి చూపించాడు. గ్రెటా టేపు పెడతానంది. అతను లేచి అడ్డం పడ్డాడు. "ఇది పాటండీ, సాక్ష్యం కాదు. పాటకి సవాలక్ష అర్థాలు తీయొచ్చు. ఇదే పాటలో తండ్రి అంటే దేవుడని పేపర్లో రాశారు" అని ఆ ముక్కే తీశాడు డెస్! అదే అరపేజీ! నా ఒళ్లు మండిపోయింది. నన్నెవరూ మాట్లాడమనలేదు, అయినా లేచాను. "మీ తాత పేరు కాగితం మీద ఉంటే అది సాక్ష్యం, మా తాత సంగతి పాటలో ఉంటే దానికి సవాలక్ష అర్థాలా? మీ కాగితానికి ఒక్క అర్థమే ఉందని ఎవరు చెప్పారు?" అన్నాను. గ్రెటా నా చెయ్యి లాగింది. జడ్జి మాత్రం టేపు పెట్టమన్నాడు.

కారు బ్యాటరీకి తగిలించి పెట్టారు. మూడో చరణం వస్తోందని తెలిసి ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. ఆయన పేరు వచ్చింది. ఆయన గొంతు వచ్చింది. సెల్మా అత్త ఇసకలో మొహం పెట్టుకుని ఏడ్చింది గానీ లేచి వెళ్లలేదు. ఎవరూ వెళ్లలేదు. ఆయన కూర్చోమన్నాడు, కూర్చున్నాం. దగ్గు అయిపోయాక జడ్జి, "ఇప్పుడు పేరు చెప్పింది ఎవరు?" అని అడిగాడు. డెబ్భై మందిమి ఉన్నాం, ఒక్కరూ నోరు తెరవలేదు. గ్రెటా వివరించబోయింది. జడ్జి చెయ్యెత్తి, "అక్కర్లేదు, అర్థమైంది" అన్నాడు. నిజంగా ఏం అర్థమైందో తీర్పు వచ్చాక తెలుస్తుంది. ఏడాది పట్టొచ్చట. ఆ టేపు ఒక డబ్బాలో పెట్టి మూసేశాం. నీ దగ్గరున్న నకలు కూడా మూసెయ్యి.

పోయిన వారం విమానంలో కంపెనీ పెట్టెలు వచ్చాయి. పేరున్న క్యాసెట్లు, మూడొందలు! బతికున్నప్పుడు తీసేసి, పోయాక తెచ్చి ఇచ్చారు. దుకాణం వాడు ఒకటి తీసి పెట్టబోతే చేతిలోంచి లాక్కున్నాను. పెట్టెలు విప్పకుండా వెనక్కి పంపిస్తున్నాం. నువ్వు మళ్లీ ఆ మాల్కమ్ దగ్గరికి వెళ్లాలి. మీకేం కావాలో మీకే తెలియదని అంటాడు, అననీ. ఈసారి ఆ చోటు ఖాళీగా ఉంచమని మాత్రం అడగొద్దు. ఖాళీ ఉంటే వాళ్లు మళ్లీ దేవుణ్ని తెచ్చి కూర్చోబెడతారు.

రాత్రి అందరం కూర్చుని ఆలోచించాం. ఆయన వాళ్ల నాన్న అంటే మన తాతే కదా. బతికున్నవాళ్ల పేరు చెప్పి పాడాలి. బ్యాండు వాళ్లు కొత్తగా పాడి టేపు పంపుతున్నారు. "ఈ నీళ్లు ఎవరు చూపించారు? ఎవరు? ఎవరు? డెస్ వాళ్ల తాత చూపించాడు." సెల్మా అత్తే చెప్పింది నీ పేరు పెట్టమని.

కాబట్టి యంత్రానికి ఒక్కరోజు కూడా మానకు. ఆ కంపెనీ వాళ్లతో ఇంకోసారి పేరు మార్పించే ఓపిక నాకు లేదు.

నీ అక్క
విన్నీ